నీటికాసులకి చుక్కలు రాసిచ్చి పంపేస్తే సరిపోదు సార్: వైద్య ఆరోగ్య శాఖకి ఒక మెడికల్ షాపువాడి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి, కమిషనర్ గారికి, ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు పెద్దలకి, జిల్లాల్లో అంధత్వ నివారణ పనులు చూసే అధికారులకి నమస్కారాలు. తెలంగాణ అధికారులు కూడా చదివితే సంతోషం, అక్కడి సంగతి ఇక్కడికంటే పెద్ద తేడాగా ఏమీ ఉండదు.

నేను డాక్టర్ని కాదు. ప్రకాశం జిల్లాలో ఒక మండల కేంద్రంలో బస్టాండు ఎదురుగా మెడికల్ షాపు నడుపుకుంటున్నా. మీకు టైం తక్కువ ఉంటుంది కాబట్టి అడగాల్సింది ముందే అడిగేస్తా. గ్లాకోమా, అదే మనవాళ్ళు నీటికాసులు అంటారు, ఆ జబ్బు ఉందని తేలినవాళ్ళకి ఎస్ఎల్‌టీ అనే లేజర్ ప్రతి జిల్లా కేంద్రంలో సర్కారు ఆసుపత్రిలోనే దొరకాలి, అది కూడా చుక్కల మందు చీటీ రాసే మొదటి రోజే "ఇలా లేజర్ కూడా ఉందమ్మా, మీ కంటికి పనికొస్తుందో లేదో చూసి చేద్దాం" అని చెప్పేలా ఉండాలి. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగే మాటలే.

ఎందుకడుగుతున్నానంటే, చుక్కల మందు చీటీలో ఎలా ఉంటుందో డాక్టర్లకి తెలుసు, అది ఇంట్లో ఏమవుతుందో మా కౌంటర్ దగ్గర తెలుస్తుంది. లాటానోప్రోస్ట్ సీసా రెండున్నర మిల్లీలీటర్లు, రాత్రి పడుకునే ముందు ఒక్కో కంట్లో ఒక్కో చుక్క, లెక్కప్రకారం నెల పైన రావాలి. మా ఊరి పెద్దావిడ ఒకామెకి ఇరవై రోజులకే అయిపోతుంది. ఎందుకయిపోతుందో చూద్దామని ఒకసారి షాపులోనే బెంచీ మీద కూర్చోబెట్టి వేసుకోమన్నా. తల వెనక్కి వాల్చింది, నోరు తెరిచింది, చెయ్యి వణుకుతా ఉంది, మొదటి చుక్క కనురెప్ప మీద పడి చెంప మీదుగా జారిపోయింది, రెండోది ముక్కు పక్కన, మూడోది ఎట్లానో కంట్లో పడింది, పడగానే గట్టిగా కళ్ళు చికిలించి కొంగుతో తుడిచేసుకుంది. ఇంక లోపలికి పోయిందెంత? ఆ ఇరవై రోజుల తర్వాత పది రోజులు సీసా ఉండదు, పింఛను పడేదాకా ఆగుతుంది. ఆమె కోడలు నాతో అంటది, "కన్ను నొప్పి లేదు కదన్నా, ఏమవుద్దిలే" అని. అదే అసలు ప్రమాదం, నొప్పి లేకపోవడమే. షుగరు మాత్ర ఆపితే నీరసమన్నా వస్తది, ఈ చుక్కలు ఆపితే ఏమీ తెలియదు, ఏళ్ళు పోయాక పక్కనుంచి వచ్చే బండి కనపడదు, అప్పుడు తెలుస్తుంది.

ఇంకొందరు ఉంటారు, ఆయాసం మనుషులు, ఉబ్బసానికి పఫ్ వాడతా ఉంటారు. వాళ్ళకి టిమోలాల్ చుక్కలు రాసిన చీటీ వస్తే నేను ఫోన్ చేసి డాక్టరు గారిని అడిగి గానీ ఇవ్వను, ఎందుకంటే ఆ చుక్క కంటి నుంచి ముక్కులోకి దిగి రక్తంలో కలిసి ఊపిరి పట్టేయగలదు. కంటికి వేసేది ఊపిరితిత్తుల దాకా ఎట్లా పోతుందని మనుషులు నమ్మరు. ఒకే మనిషికి మూడు రకాల సీసాలు, ఒకటి పొద్దున సాయంత్రం, ఒకటి మూడుపూటలా, ఒకటి రాత్రి, ఒకదానికి ఇంకోదానికి మధ్య ఐదు నిమిషాలు ఆగాలి, చీటీ ఇంగ్లీషులో. చదువుకున్న నాకే అది రోజూ తప్పకుండా చెయ్యడం కష్టం, పత్తి చేలో కూలికి పోయే మనిషి ఏం చేస్తాడు చెప్పండి.

రోగం గురించి మీకు చెప్పాల్సిన పని లేదు గానీ ఈ లేఖ మామూలు జనం కూడా చదువుతారని రెండు ముక్కలు రాస్తా. కంటి లోపల ఒక నీరు ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది, మూల దగ్గర ఉండే జల్లెడలాంటి దాంట్లోంచి బయటికి పోతూ ఉంటుంది. పోవడం తగ్గితే లోపల ప్రెషర్ పెరుగుద్ది, మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య (బీపీ లెక్క లాగానే) ఉండాలంటారు, కొందరికి ఆ లోపు ఉన్నా కూడా నరం దెబ్బతింటుంది. కంటి నుంచి మెదడుకి పోయే ఆ నరంలో పోయింది పోయిందే, తిరిగి రాదు, ఏ చుక్కలు ఏ లేజర్ ఏ ఆపరేషన్ కూడా పోయిన చూపు తెప్పించవు, ఉన్నదాన్ని కాపాడతాయంతే. శుక్లం అట్లా కాదు, కాస్త ఆలస్యంగా తీయించినా మామూలుగా చూపొస్తుంది. మా దగ్గర జనం రెండూ ఒకటే అనుకుంటారు, "ముదరనీ, సంక్రాంతి పోయాక చేయించుకుందాం" అని కూర్చుంటారు, ఈ లోపు నరం ఎండిపోతుంది.

మన దగ్గర లెక్కలు లేక కాదు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మందిని కూర్చోబెట్టి పూర్తిగా కళ్ళు పరీక్ష చేశారు. గ్లాకోమా ఉన్నవాళ్ళలో చాలా చాలా ఎక్కువమందికి తమకా జబ్బు ఉన్నట్టే తెలియదని అప్పుడే తేలింది. దేశం మొత్తం మీద 40 ఏళ్ళు దాటినవాళ్ళలో కోటీ పది లక్షల మంది పైనే ఉంటారని 2010లో అంచనా వేశారు. ఆ తర్వాత తెలంగాణలో 2018లో కంటి వెలుగు అని ఊరూరా కంటి పరీక్షల పథకం పెట్టారు, మన దగ్గర 2019లో పెట్టారు, మంచి పనే, మా స్కూలు పిల్లలకి కళ్ళజోళ్ళు వచ్చాయి, ముసలోళ్ళకి శుక్లాలు తీశారు, కాదనను. కానీ కళ్ళజోడు ఇచ్చామా, ఆపరేషన్ చేశామా, ఎన్ని చేశాం, ఇదే లెక్క. గ్లాకోమా మనిషిని ఒకసారి పట్టుకుని వదిలేసేది కాదు, చచ్చేదాకా చూడాలి, అందుకే ఏ క్యాంపు లెక్కలోకీ అది ఇమడదని నా అభిప్రాయం.

ఇప్పుడు లేజర్ సంగతి. ఎస్ఎల్‌టీ అంటే కత్తి లేదు, కుట్టు లేదు, సూది లేదు. కంటికి మొద్దుబారే చుక్క వేస్తారు, రోజూ కళ్ళు చూసే స్లిట్ ల్యాంప్ లాంటి దాని ముందే గడ్డం ఆనించి కూర్చోబెడతారు, కంటి మీద ఒక అద్దం పెట్టి ఆ జల్లెడ చుట్టూరా వంద చుక్కల దాకా పచ్చటి కాంతిని కొడతారు, ఒక్కో దెబ్బ సెకనులో వంద కోట్లవ వంతులు మూడు మాత్రమే ఉంటుంది కాబట్టి రంగు ఉన్న కణాలకే తగులుతుంది, చుట్టుపక్కల కాలదు. ఐదు పది నిమిషాల పని, గంటో గంటన్నరో కూర్చోబెట్టి ప్రెషర్ మళ్ళీ చూసి ఇంటికి పంపిస్తారు, సాయంత్రం బస్సుకి ఊరొచ్చేయొచ్చు. ఇంతకుముందు 1979లో వచ్చిన ఆర్గాన్ లేజర్ అయితే అక్కడ కాల్చి మచ్చ చేసేది, అందుకని మళ్ళీ మళ్ళీ చెయ్యడం కుదిరేది కాదు, ఇది 2001లో అమెరికాలో అనుమతి తెచ్చుకుంది, ప్రభావం తగ్గిపోతే మళ్ళీ చేసుకోవచ్చు.

బ్రిటన్‌లో కొత్తగా గ్లాకోమా తేలినవాళ్ళని, ప్రెషర్ ఎక్కువున్నవాళ్ళని 718 మందిని రెండు గుంపులు చేసి సగంమందికి మొదటే ఈ లేజర్, సగంమందికి మొదటే చుక్కలు ఇచ్చి చూశారు, 2019లో లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికలో వచ్చింది. లేజర్ చేయించుకున్నవాళ్ళలో మూడేళ్ళ తర్వాత కూడా నూటికి 74 మందికి చుక్కలే అక్కర్లేకపోయింది. చుక్కల గుంపులో 11 మందికి ఆపరేషన్ చెయ్యాల్సొచ్చింది, లేజర్ గుంపులో ఒక్కరికి కూడా రాలేదు. ఆరేళ్ళు చూసినా దాదాపు 70 శాతం కళ్ళు చుక్కలు లేకుండానే నడిచాయి. దాంతో ఏ రోగానికి ఏ వైద్యం చెయ్యాలో చెప్పే అక్కడి నైస్ సంస్థ 2022లో రూలే మార్చింది, కొత్తగా తేలిన ఓపెన్ యాంగిల్ గ్లాకోమాకి, అంటే ఆ జల్లెడ ఉండే మూల తెరుచుకునే ఉన్న రకానికి, ముందు లేజర్ చూపించమని. అక్కడ మందులు సర్కారు ఇస్తుంది, సీసా పెట్టుకోడానికి ఫ్రిజ్ ఉంటుంది, నర్సు ఫోన్ చేస్తుంది, అన్నీ ఉన్న చోటే లేజర్ ముందు అన్నారంటే, సీసా కొనడానికి పింఛను కోసం ఎదురుచూసే మా ఊళ్ళో అది ఎంత ముందుండాలి?

అలాగని దీన్ని మంత్రదండం అని నేను అమ్మను. కొందరికి పనిచెయ్యదు. పనిచేసినా కొన్నేళ్ళకి తగ్గొచ్చు. లేజర్ అయిపోయింది కదా అని పరీక్షకి రావడం మానేస్తే చుక్కలు మానేసినంత నష్టమే. జబ్బు బాగా ముదిరినవాళ్ళకి ఒక్క లేజర్ సరిపోదు. ఇంకా ముఖ్యంగా, ఆ మూల మూసుకుపోయిన కళ్ళకి ఎస్ఎల్‌టీ పనికిరాదు, అందుకే ముందు గోనియోస్కోపీ చెయ్యాలి, అంటే అద్దం పెట్టి మూల తెరుచుకుని ఉందా మూసుకుందా చూడాలి. చాలా ఓపీల్లో గాలి ఊదే మిషన్‌తో ప్రెషర్ చూసి చీటీ రాసేస్తారు, ఆ అద్దం తీసే తీరిక ఉండదు. లేజర్ మిషన్ కొని ఆ అద్దం పెట్టి చూసే డాక్టరుని ఇవ్వకపోతే, టెండరు పిలిచి బిల్లు పాస్ చేసినట్టే ఉంటుంది గానీ కన్ను దక్కదు.

మూల మూసుకుపోయే రకం మన ఆసియా జనంలో తెల్లవాళ్ళకంటే ఎక్కువ. ఇది ఒక్కోసారి ఉన్నట్టుండి వస్తుంది, రాత్రిపూట ఒకవైపు తల బద్దలయ్యేట్టు నొప్పి, వాంతులు, కన్ను ఎర్రబడుతుంది, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. మా దగ్గర ఏం జరుగుతుందంటే ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు, ఆయన పార్శ్వపు నొప్పి అనో పైత్యం అనో ఒక ఇంజెక్షన్ వేస్తాడు, తెల్లారి నా దగ్గరికి గ్యాస్ మాత్రలకి వస్తారు. కన్ను చూసి పరిగెత్తించిన సందర్భాలు ఉన్నాయి. పీహెచ్‌సీలో ఉండే డ్యూటీ డాక్టరుకి, 108 సిబ్బందికి ఈ ఒక్క సంగతి నేర్పండి చాలు: వాంతులూ తలనొప్పితో వచ్చిన ముసలామె కళ్ళలోకి ఒకసారి టార్చి వేసి చూడమని. వెంటనే మానిటాల్ ఎక్కించి, డయామాక్స్ మాత్రలు ఇచ్చి ప్రెషర్ దించి, తర్వాత యాగ్ అనే లేజర్‌తో కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరకి చిన్న బెజ్జం పెడితే చాలా కళ్ళు దక్కుతాయి. రెండో కంటికి కూడా ముందుజాగ్రత్తగా పెడతారు.

ఇక్కడ మీకు ఖర్చు లేని పని ఒకటుంది. శుక్లం ఆపరేషన్ అయ్యాక లెన్స్ వెనక పొర మసకబారితే దాన్ని తెరవడానికి వాడేదే ఆ యాగ్ మిషన్. శుక్లాలు చేసే పెద్ద సర్కారు ఆసుపత్రుల్లో అది ఉంటుంది. అదే మిషన్ ఈ బెజ్జానికీ వాడొచ్చు. కాబట్టి మిషన్ లేదనే మాట ఇక్కడ చెల్లదు, మనిషిని కూర్చోబెట్టడమే కావాలి. అట్లాగని మూల కొంచెం ఇరుకుగా ఉన్న ప్రతివాళ్ళకీ బెజ్జం కొట్టి లెక్క పెంచుకోమనడం లేదు. చైనాలో గ్వాంగ్‌జౌలో మూల ఇరుకుగా ఉన్న 889 మందికి ఒక కంటికి లేజర్ చేసి ఇంకో కన్ను వదిలేసి ఆరేళ్ళు చూశారు, చెయ్యని కళ్ళలో కూడా జబ్బు ముదరడం ఏడాదికి వెయ్యింట 8 లోపే, చేసినవాటిలో 4 చిల్లర. సగానికి తగ్గింది గానీ అసలే తక్కువ కదా, అందరికీ వద్దని వాళ్ళే రాశారు. వైద్య సేవలో ఒక్కో ప్యాకేజీకి ఇంత అని డబ్బులొస్తాయంటే అక్కర్లేనివాళ్ళకి కూడా కొట్టే ప్రైవేటు వాళ్ళు బయలుదేరతారు, ఆ కన్నం ముందే మూసిపెట్టండి.

ఇంకో సంగతి, మూల మూసుకుపోయి ప్రెషర్ ఎక్కువున్న 50 దాటినవాళ్ళకి శుక్లం లేకపోయినా లెన్స్ తీసేసి కొత్తది పెడితే బెజ్జం కంటే బాగా పనిచేసిందని 419 మంది మీద చేసి 2016లో బయటపెట్టిన ఈగిల్ అనే పరిశోధన చెప్పింది. శుక్లం ఆపరేషన్లలో మన డాక్టర్లు ఎవరికీ తీసిపోరు. ఆ చేతిని దీనికి కూడా వాడుకోవచ్చు.

ఆపరేషన్ గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే జనానికి దీని మీద కోపం ఎక్కువ. చుక్కలూ లేజరూ చాలక జబ్బు పోతూ ఉంటే ట్రాబెక్యులెక్టమీ చేస్తారు, 1968 నుంచి ఉన్నదే, ఇప్పటికీ ముదిరినవాళ్ళకి అదే పెద్ద దిక్కు. చెరువు నిండితే కట్ట తెగకుండా అలుగు పెట్టినట్టు, కంటి తెల్లగుడ్డులో చిన్న మూత లాంటి దారి చేసి నీరు పొర కిందకి పోయేలా చేస్తారు, పై రెప్ప కింద చిన్న పొంగులా కనపడుతుంది. ఆ దారి మానిపోయి మూసుకోకుండా మైటోమైసిన్ అనే మందు అద్దుతారు. చెయ్యడం గంట పని, అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ప్రెషర్ మరీ పడిపోయిందా, దారి మూసుకుంటోందా, ఏ కుట్టు ఎప్పుడు వదలాలి, ఎప్పుడు నొక్కి మర్దన చెయ్యాలి, మొదటి నెలన్నరలో మళ్ళీ మళ్ళీ చూడాలి. మా దగ్గరనుంచి పెద్దాసుపత్రికి పోను రాను రెండు బస్సులు, తోడు ఒక మనిషి, ఇద్దరి కూలీ పోతుంది. రెండోసారికి వస్తారు, మూడోసారికి మానేస్తారు, ఆ దారి పూడిపోతుంది, అప్పుడు "ఆపరేషన్ ఫెయిలయింది" అంటారు. శుక్లం ఆపరేషన్ అయిన పక్కింటాయన మర్నాడే పేపరు చదువుతూ కనపడతాడు, వీళ్ళకి ఆపరేషన్ అయ్యాక చూపు పెరగదు, కొన్నాళ్ళు ఇంకా మసకగా ఉంటుంది, "డబ్బులు దొబ్బి కన్ను పాడుచేశారు" అని ఊరంతా చెప్తారు, ఇంకో నలుగురు ఆపరేషన్‌కి పోకుండా ఆగిపోతారు. ఈ ఆపరేషన్ చూపు తెప్పించడానికి కాదు, ఉన్నది పోకుండా ఉండడానికి అని, సంతకం పెట్టించుకునే ముందు పేషెంటుకే కాదు, కొడుక్కీ కోడలికీ కూర్చోబెట్టి తెలుగులో చెప్పే మనిషి ఒకరు ప్రతి ఆసుపత్రిలో ఉండాలి. అలాగే ప్యాకేజీ అనేది ఆపరేషన్ రోజుతో అయిపోకూడదు, ఆ తర్వాత వచ్చే పరీక్షలకి ఆర్టీసీ చార్జీ కూడా అందులోంచే ఇవ్వాలి. ఏళ్ళ తర్వాత కూడా ఆ పొంగు దగ్గర కన్ను ఎర్రబడి పుసి కడితే అదే రోజు పరిగెత్తాలని ఒక కార్డు మీద రాసివ్వండి, మామూలు కళ్ళకలక అనుకుని నా దగ్గరికి చుక్కలకొస్తారు.

ఆ ఆపరేషన్ నిలవనివాళ్ళకి కంట్లో నీరు బయటికి పోయేలా చిన్న గొట్టం పెడతారు. బయటి దేశాల వాల్వు ఖరీదు ఎక్కువని, మదురైలో అరవింద్ వాళ్ళ ఆరోల్యాబ్ ఆడి అనే గొట్టాన్ని 2013 నుంచి చాలా తక్కువ ధరకి తయారు చేస్తోంది. పక్క రాష్ట్రంలో తయారయ్యేది, కొనడానికి కష్టమేముంది. నీరు పోయే దారి తెరిచే ఐస్టెంట్ లాంటి చిన్న చిన్న స్టెంట్లు కూడా వచ్చాయి, ఐస్టెంట్‌కి 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది, నగరాల్లో పెద్ద బోర్డులు పెడుతున్నారు, పెట్టుకోగలిగినవాళ్ళు పెట్టుకుంటారు, సర్కారు డబ్బు వాటి మీద పెట్టొద్దని నా మాట.

పిల్లల సంగతి వేరే లేఖ రాయాల్సినంత ఉంది. పుట్టుకతో వచ్చే గ్లాకోమా మన ఉమ్మడి ఆంధ్రాలో 3,300 కాన్పులకి ఒకటి అని లెక్క, ప్రపంచంలో చాలా చోట్ల కంటే ఎక్కువ, మేనరికాలు దానికి ఒక కారణం. మేనమామకిచ్చి చెయ్యొద్దని నేను చెప్తే మా ఇంట్లోనే వినరు, అది పక్కన పెట్టండి. బిడ్డ కళ్ళు పెద్దవిగా ఉంటే "ఎంత కళగల్ల కళ్ళు" అని దిష్టి తీస్తారు, వెలుతురు చూడలేక మొహం తిప్పుకుంటుంటే, నీళ్ళు కారుతుంటే, నల్లగుడ్డు మబ్బుగా ఉంటే కూడా ఆరో నెల వచ్చాక చూద్దాంలే అంటారు. పెద్దవాళ్ళకి ఆపరేషన్ ఆఖరి దారి, ఈ పిల్లలకి అదే మొదటి దారి, చుక్కలతో కాలక్షేపం చెయ్యకూడదు. దీన్ని బాగా చేసే చెయ్యి మన దగ్గరే ఉంది, ఎల్వీ ప్రసాద్‌లో డాక్టర్ అనిల్ కుమార్ మండల్ గారికి 2003లో సైన్సుకిచ్చే భట్నాగర్ బహుమతి వచ్చింది. బాలింతని చూడడానికి వెళ్ళే ఆశా కార్యకర్తకి ఈ నాలుగు లక్షణాలు ఫోటోతో సహా నేర్పండి, స్కూళ్ళకీ అంగన్‌వాడీలకీ వచ్చి పిల్లల్ని పరీక్షించే ఆర్‌బీఎస్‌కే టీములకి కూడా.

ఇంక మా లైను వాళ్ళ మీద చెప్పకపోతే ఈ లేఖ అబద్ధమవుతుంది. ఎండాకాలం పిల్లలకి కళ్ళు దురద పెడతాయి, ఎర్రబడతాయి, ఎవరో ఒకసారి రాసిచ్చిన డెక్సామెథాసోన్ సీసా ఖాళీది పట్టుకొచ్చి "ఇదే ఇయ్యన్నా" అంటారు. వేస్తే గంటలో హాయిగా ఉంటుంది, అందుకే నెలల తరబడి వేస్తారు. ఆ స్టెరాయిడ్ చుక్కలు కొందరిలో ప్రెషర్ పెంచేస్తాయి, పదేళ్ళ పిల్లాడి నరం పోతుంది. అది షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మేవాళ్ళు అమ్ముతూనే ఉన్నారు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు మత్తు మాత్రల రిజిస్టరు చూసినట్టే దీన్ని కూడా చూడాలి. మా అసోసియేషన్‌లో దీని గురించి మాట్లాడితే నా మీద కోపం తెచ్చుకుంటారు, తెచ్చుకోనీండి.

క్యాంపుల్లో ఏం మారాలో కూడా చెప్తా. ఏఎన్ఎంలు ఇంటింటికీ వచ్చి బీపీ, షుగరు చూస్తున్నారు కదా, అదే ఫారంలో "మీ అమ్మకి, నాన్నకి, తోబుట్టువులకి నీటికాసులు ఉన్నాయా" అని ఒక్క ప్రశ్న పెట్టండి, ఎందుకంటే రక్తసంబంధీకుల్లో ఉంటే మనకొచ్చే అవకాశం చాలా ఎక్కువ. అవునన్నవాళ్ళని 40 దాటితే కళ్ళు పరీక్షించే ఆప్తాల్మిక్ ఆఫీసరు దగ్గరికి పంపండి. అక్కడ ప్రెషర్ ఒక్కటే చూసి పంపెయ్యకుండా కంటి నరం కూడా చూడాలి, ప్రెషర్ మామూలుగా ఉన్నా నరం పోతున్నవాళ్ళు ఉంటారని ముందే రాశా కదా. చుక్కల మందు తప్పనివాళ్ళకి పీహెచ్‌సీలో బీపీ మాత్రల పక్కనే నెలనెలా సీసా కూడా ఉచితంగా పెట్టండి. నా షాపుకి గిరాకీ తగ్గుతుంది, తగ్గనివ్వండి.

ప్రతి మార్చిలో గ్లాకోమా వారోత్సవాలు వస్తాయి, కలెక్టరాఫీసు దగ్గర్నుంచి ర్యాలీ తీస్తారు, నర్సింగ్ పిల్లలు ప్లకార్డులు పట్టుకుంటారు, మర్నాడు పేపర్లో ఫోటో. వచ్చే మార్చికి ఆ ర్యాలీతో పాటు ఇంకొకటి చెయ్యండి: ఏ జిల్లా ఆసుపత్రిలో యాగ్ లేజర్ పనిచేస్తోంది, ఎక్కడ ఎస్ఎల్‌టీ ఉంది, ఏ వారం గ్లాకోమా డాక్టరు ఓపీలో కూర్చుంటారు, ప్యాకేజీలో ఏమేమి వస్తాయి, ఈ నాలుగూ తెలుగులో ఒక కాగితం మీద అచ్చేయించి మండలాలకి పంపండి. మెడికల్ షాపులకి కూడా పంపండి, నేను కౌంటరు అద్దానికి అతికిస్తా, చుక్కలకొచ్చిన ప్రతివాళ్ళకీ చదివి వినిపిస్తా.

ఇట్లు,
ప్రకాశం జిల్లాలో మెడికల్ షాపు నడుపుకునే ఒక ఫార్మసిస్టు